డిసెంబరు పండక్కి ఆషాఢంలో బట్టలు

మా అమ్మ క్రిస్మస్ బట్టలు ఆషాఢంలో కొంటుంది. ఆ నెలలో పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు, కొత్త కోడళ్లు పుట్టింటికి పోయుంటారు. కదిరి బట్టలంగళ్లలో సరుకు కదలదు. తగ్గింపు ధరల బోర్డులు కట్టి అంగడివాళ్లు గుమ్మంలో నిలబడి పిలుస్తుంటారు. 'వాళ్లకు మంచిది గాని నెల మనకు మంచిదే గదమ్మే' అంటుంది అమ్మ. మా వాడలో అమ్మంత శ్రద్ధగా పంచాంగం పట్టించుకునే క్రైస్తవురాలు ఇంకొకరు లేరు. అమావాస్య ఎప్పుడు, మూఢం ఎప్పుడు, దసరా సరుకు ఎప్పుడు మిగిలిపోతుంది, అన్నీ ఆమెకు కావాలి. నమ్మకం కోసం కాదు, ధర కోసం.

డిసెంబరు వచ్చిందంటే పత్రికల ఆడవాళ్ల పేజీల్లో 'తక్కువ ఖర్చుతో క్రిస్మస్' అంటూ చిట్కాలు వస్తాయి. ముందే జాబితా రాసుకోండి, కానుకలు ముందే కొనిపెట్టుకోండి, పాత కాగితాలతో అలంకరణ చేసుకోండి అని. చదివినప్పుడల్లా నాకు అమ్మ డైరీ గుర్తొస్తుంది. ఎరువులంగడి వాళ్లు ప్రతి జనవరిలో నాయనకు ఇచ్చే డైరీ అది. నాయన దాన్ని ఎప్పుడూ తెరవడు. అమ్మ బైబిలు చదవడం కోసం పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకుంది. చదవగలదు గానీ రాయడం కష్టం. అందుకని పదేళ్ల వయసు నుంచీ ఆమె చెప్తుంటే నేనే రాస్తున్నాను. నేను రాయలసీమ కరువు సాహిత్యంలో స్త్రీల మీద పరిశోధన చేశాను. అయిదేళ్లు గ్రంథాలయాల్లో పాత పత్రికలు తిరగేశాను. ఇంట్లో ట్రంకుపెట్టెలో ఇరవై రెండు డైరీలున్నాయనీ, అవీ కరువు గురించి ఒక స్త్రీ చెప్పిన పుస్తకాలేననీ ఆ అయిదేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. అడిగే పద్ధతి మన విశ్వవిద్యాలయాల్లో లేదు.

మాది నల్లమాడ మండలంలో ఒక ఊరు. 2022 ఏప్రిల్ 4 వరకూ అనంతపురం జిల్లా, ఆ రోజు నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గానీ ఆకాశం మారలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదైనా పడాల్సినప్పుడు పడితే గొప్ప. శెనక్కాయ జూన్, జులైల్లో విత్తుతారు, అక్టోబరు, నవంబరుల్లో పెరుకుతారు. అంటే మా దగ్గర క్రిస్మస్ పంట చేతికొచ్చిన వెంటనే వచ్చే పండగ. వినడానికి బాగుంటుంది. కానీ పంట చేతికొచ్చిన నెలే కాయ ధర అన్నిటికంటే తక్కువ ఉండే నెల. అప్పులవాడు గడపలో కూర్చునే నెల కూడా అదే. విత్తనం కాయ ధర ఎక్కువుండేది మళ్లీ జూన్‌లో, మనం కొనాల్సినప్పుడు. అందుకని పంట డబ్బుతో పండగ చేసుకోవాలనుకున్న ఇల్లు మా వాడలో ఎప్పుడూ అప్పుతోనే పండగ చేసుకుంటుంది. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. డిసెంబరులో తెచ్చిన అయిదు వేలు మళ్లీ డిసెంబరుకు 6,800 అవుతుంది. ఈ లెక్క అమ్మకు పెళ్లయిన కొత్తలోనే తెలిసింది. ఆ తర్వాత ఆమె పంట డబ్బును పండగలోకి రానివ్వలేదు.

మరి ఎక్కణ్నుంచి తెచ్చేది? డైరీలు చెప్తాయి. జనవరి మొదటి ఆదివారం నుంచి వారానికి 50 రూపాయలు పండగ చీటీ. వాడలో ఒకామె వసూలు చేసి, ఆ డబ్బును అవసరమైన వాళ్లకు తిప్పి, నవంబరు ఆఖరుకు 48 వారాల 2,400కు కొంచెం కలిపి 2,600 ఇస్తుంది. మార్చి, ఏప్రిల్‌లలో చింతపండు కొట్టే పని. పెంకు తీసి, గింజ తీసి, ఈనె లాగి కిలోల లెక్కన కూలి. ఆ పండు హిందూపురం మార్కెట్టుకు పోతుంది. అమ్మ వేళ్లు రెండు నెలల పాటు నల్లగా ఉంటాయి. ఆ కూలి నుంచి 1,400 పక్కన పెడుతుంది. ఉగాది దాటాక నాలుగిళ్లవాళ్లు తలా 1,200 వేసుకుని ఒక పొట్టేలి పిల్లను కొంటారు. డిసెంబరు 24న దాన్ని కోసి పాళ్లు వేసుకుంటారు. మా పాలుకు మూడు కిలోలు, కొంచెం అటూ ఇటూ. అదే అంగట్లో కొంటే 2,200 దాటుతుంది. వెయ్యి రూపాయలు మిగిలింది అని రాయించింది అమ్మ.

ఆ వెయ్యి దగ్గర నాకు ఆగిపోవాలనిపిస్తుంది. ఆ పొట్టేలిని ఎనిమిది నెలలు మేపేది అమ్మే. పొద్దున్నే గట్ల మీద తిప్పడం, వేపాకు, తుమ్మకాయ ఏరుకురావడం, రాత్రి కుక్కల నుంచి కాపాడుకోవడం, కాలికి పుండయితే పసుపు పెట్టడం. రోజుకు 300 ఆడకూలి లెక్కన వారానికి ఒక్క పూట మాత్రమే వేసినా 35 వారాలకు 5,250. ఆ పద్దు ఏ డైరీలోనూ లేదు. నేను లెక్కగట్టి చెప్తే అమ్మ నవ్వింది. 'గొర్రె మేపినేదానికి యెవురన్నా కూలి ఇస్తారా? ఊరికే కూచునే బదులు' అంది. ఆమె ఊరికే కూర్చున్న పూట నేను చూడలేదు. ఆడవాళ్ల పొదుపును మెచ్చుకునే వాళ్లందరూ ఈ 'ఊరికే'ను దాటేస్తారు. పొదుపు అంటే డబ్బు ఖర్చుపెట్టకపోవడం అనుకుంటాం. చాలాసార్లు అది డబ్బుకు బదులు ఒకరి ఒంటిని ఖర్చుపెట్టడం.

నూనె సంగతి కూడా చెప్పాలి, అది అమ్మకు గర్వకారణం కాబట్టి. ఎంత అప్పున్నా నలభై కిలోల మూట ఒకటి అమ్మకానికి పోనివ్వదు. కాయ వొలిస్తే ఇరవై ఎనిమిది కిలోల దాకా పప్పు. మంచివి నాలుగు కిలోలు ఉంటలకూ, కజ్జికాయలకూ తీసి, మిగతాది నూనె మిల్లుకు. పది కిలోలకు కొంచెం తక్కువ నూనె, మిగతాది చెక్క. చెక్క బర్రెకు. పండగ పిండివంటలకు మూడు కిలోలు పోగా మిగిలిన నూనె మార్చి దాకా ఇంటికి. 2021 నవంబరులో కరువు సీమలో వరద వచ్చింది. కదిరిలో వానకు నానిన మేడ కూలి మనుషులు చనిపోయారు. పెరికి వామి వేసిన శెనగచెట్లలో కాయలు మొలకలొచ్చాయి. ఆ ఏడాది డైరీలో 'నూనె' అని రాసి ఎదురుగా ఏమీ లేదు. పిండివంట అనే మాటే లేదు. ఉడకబెట్టిన అలసందలు, బెల్లం, అంతే పండగ. వాన రాకపోవడమే కరువు అనుకుని నా సిద్ధాంతగ్రంథంలో ఒక అధ్యాయం మొత్తం రాసిన వాళ్లను చదివాను. రావాల్సిన రోజుల్లో ఎగ్గొట్టి పెరికిన రోజుల్లో ముంచే వాన కూడా కరువే అని మా ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు.

అన్నీ ముందే కొనడం పొదుపు కాదు. బెల్లం చవగ్గా దొరికేది జనవరి, ఫిబ్రవరుల్లో. కానీ వానాకాలంలో చెమ్మగిల్లి కారిపోతుంది. మా అమ్మ ఒకే ఒక్క ఏడాది కుండలో గడ్డి వేసి దాచి చూసింది, చీమలు పండగ చేసుకున్నాయి. ఎండుకొబ్బరి ముక్కవాసన వస్తుంది. కాబట్టి కజ్జికాయల్లో కొబ్బరి తీసేసి వేయించిన శెనగపప్పుల పొడీ, నువ్వులూ, పప్పులూ వేస్తుంది. ముందుగా కొనడానికి చవకకాలంలో చేతిలో డబ్బుండాలి, ఎలుకలు దూరని డబ్బా ఉండాలి, ఆ డబ్బా పెట్టుకోవడానికి కారని ఇంటికప్పు ఉండాలి. ఇవి లేని ఇల్లు పొట్లాల్లో కొంటుంది, పొట్లంలో కొన్నది ఎప్పుడూ ఎక్కువ ధరే. మా వాడలో కొత్తగా వేరుకాపురం పెట్టిన పిల్లలకు అమ్మ ఇచ్చే పెళ్లికానుక మూత గట్టిగా బిగిసే స్టీలు డబ్బా. నాకు ఆమె చాలాకాలం ఎందుకో అర్థం కాలేదు.

దాచుకోవడం అనే మాట ఇంకో కథ కూడా గుర్తు చేస్తుంది. 2016 నవంబరు 8 రాత్రి మా ఇంట్లో కొర్రల కుండలో ఏడు అయిదొందల నోట్లున్నాయి. ఆ సంగతి నాకు మాత్రమే తెలుసు, ఎందుకంటే డైరీలో వాటిని నేనే 'కొర్రలు 7' అని రాశాను. అప్పటికి అమ్మకు సొంత బ్యాంకు ఖాతా లేదు. సంఘం ఖాతా ఉంది, దాంట్లో వేస్తే పదిమందికీ లెక్క చెప్పాలి. డిసెంబరు 30లోపల మార్చాలంటే నాయనకు చెప్పక తప్పలేదు. నాయన కోప్పడలేదు. నవ్వాడు. 'మా ఇంట్లో నాకు తెలీని బ్యాంకి ఉండాది' అని అరుగు మీద కూర్చున్న ప్రతివాడికీ చెప్పి నవ్వించాడు. ఆ 3,500 నాయన ఖాతాలోకి పోయి, ఎరువులంగడి బాకీలోకి పోయింది. కోపమైతే అమ్మ తట్టుకునేదేమో. దేశమంతా పోపుల డబ్బాల్లో, బియ్యం కుండల్లో, చీరమడతల్లో ఉన్న చిన్నచిన్న స్వతంత్రాలు ఆ రెండు నెలల్లో ఇలాగే మగవాళ్ల నవ్వుల మధ్య బయటపడ్డాయి. నల్లధనం మీద చర్చలు చాలా చదివాను, ఈ ధనానికి పేరెవరూ పెట్టలేదు.

ఆడవాళ్ల పొదుపుకు పేరు పెట్టిన సందర్భం ఒకటుంది. 1992లో దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం లేచి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చాక, నెల్లూరు జిల్లాలో రోజుకు రూపాయి దాచుకునే సంఘాలకు 'పొదుపు లక్ష్మి' అని పేరు పెట్టారు. సారా దుకాణం ముందు నిలబడి పోట్లాడిన స్త్రీని అధికారులు ఇంటిమూల దీపం పక్కన కూర్చున్న లక్ష్మిని చేశారని అప్పట్లోనే స్త్రీవాదులు విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైంది. కానీ మా వాడలో ఇంకో చిక్కు కూడా ఉండేది. మా అవ్వ, ఆమె అత్త అన్నం వండే ప్రతిపూటా ఒక పిడికెడు బియ్యం పక్క కుండలో వేసి ఆదివారం గుడికి ఇచ్చేవాళ్లు. రోజూ పిడికెడు తీసే చేతికి పొదుపు అని ఎవరూ నేర్పలేదు. ఆ చేతినే తర్వాత ప్రభుత్వం సంఘాల్లో కనిపెట్టింది, బ్యాంకులు కనిపెట్టాయి, చివరికి సూక్ష్మరుణ కంపెనీలు కనిపెట్టాయి. వారం వారం కట్టే అలవాటున్న ఆడవాళ్ల కంటే మంచి గిరాకీ ఇంకెవరు? 2010 అక్టోబరులో ఆ కంపెనీల మీద ఆర్డినెన్సు తెచ్చేలోగా ఎన్ని ఇళ్లు ఏడ్చాయో చెప్పనక్కర్లేదు. ఆ రెండు మూడేళ్ల డైరీల్లో పండగ పద్దు పక్కనే 'మంగళవారం' అని ఒక పద్దుంది. మంగళవారం అంటే కంతు కట్టే రోజు.

క్రిస్మస్ మా దగ్గర కొత్త పండగేమీ కాదు. 1876-78 ధాత కరువు తర్వాత తెలుగునాట మాల, మాదిగ వాడలు పెద్దయెత్తున క్రైస్తవంలోకి వెళ్లాయి. ఒంగోలులో క్లౌ దొర మనుషులు 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారన్నది ప్రసిద్ధం. దానికంటే నాకు ముఖ్యమనిపించే సంగతి ఒకటుంది. బకింగ్‌హామ్ కాలువ మీద కరువు పనులు నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. అయినా మాట రానే వచ్చింది. మా వైపు లండన్ మిషన్ వాళ్లు బళ్లారి, కడప, గుత్తి కేంద్రాలుగా పనిచేశారు. 'గంజికి మారినోళ్లు' అన్న ఎగతాళి మా అవ్వ చిన్నప్పుడు కూడా వినబడేదట. అమ్మ పండగ లెక్కల వెనక ఆ మాట ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మేం పండగ ఎవరి దయతోనూ చేసుకోకూడదు. 2014-19 మధ్య ప్రభుత్వం రేషన్ అంగడిలో క్రిస్మస్ కానుక సంచి ఇచ్చింది. గోధుమపిండి, బెల్లం, శనగపప్పు, కందిపప్పు, పామాయిలు, నెయ్యి. అమ్మ తెచ్చుకుంది, ఊరికే వదులుకునే మనిషి కాదు. కానీ ఆ సరుకును పండక్కి ముట్టుకోలేదు. జనవరిలో వాడింది.

నల్లమాడకూ పుట్టపర్తికీ ఎంతో దూరం లేదు. ప్రశాంతి నిలయంలో క్రిస్మస్ ఎంతో ఘనంగా జరిగేది. ఏయే దేశాల నుంచో వచ్చినవాళ్లు కొవ్వొత్తులు పట్టుకుని తెల్లవారుజామున పాటలు పాడుతూ తిరిగేవాళ్లు. మా చిన్నమ్మ తొంభైల్లో అక్కడ అద్దెగదులు ఊడ్చే పనికి పోయేది. డిసెంబరు 27, 28 తేదీల్లో ఆమె సంచి నిండా సగం కాలిన కొవ్వొత్తులు, మెరుపు కాగితాలు, రంగు రిబ్బన్లు వచ్చేవి. అమ్మ వాటిని ఇస్త్రీపెట్టె లేక కంచుచెంబులో నిప్పులు వేసి చదును చేసి, వచ్చే ఏటికి దాచేది. మా వాడ గుడిలో ఏళ్ల తరబడి పశువులపాకకు వేసిన అలంకారమంతా ఇటలీవాళ్లదో, జర్మనీవాళ్లదో. పండగ కాని ఊళ్లో అంత పండగ, పండగున్న వాడలో దాని చిత్తుకాగితాలు. 2011 ఏప్రిల్ 24న సత్యసాయిబాబా పోయిన తర్వాత విదేశీయుల రాక తగ్గింది, చిన్నమ్మ పనీ పోయింది. ఆమె మా ఊళ్లోనే పెద్దింట్లో పాచిపనికి చేరింది. నక్షత్రం అప్పటి నుంచి కొనాల్సొస్తోంది.

నక్షత్రం ధర తక్కువే. కట్టడమే కొన్ని ఇళ్లకు ఖరీదు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కాని దళితుడు షెడ్యూల్డు కులం కాదు. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ సవరించారు. క్రైస్తవులకూ ముస్లింలకూ ఆ తలుపు మూసే ఉంది. మతం మారిన షెడ్యూల్డు కులాలవాళ్లను మన రాష్ట్రంలో బి.సి.-సి అంటారు, అక్కడ రిజర్వేషన్ 1 శాతం. మా ఇంట్లో ఎవరి సర్టిఫికెట్లో ఏముందో ఇక్కడ రాయను. వాడలో ఒక్కొక్కరికి రెండు పేర్లుంటాయని మాత్రం అందరికీ తెలుసు. గుళ్లో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి. ఇంట్లో ఎవరైనా ఉద్యోగానికి పెట్టుకున్న ఏడు ఆ ఇంటి మీద నక్షత్రం ఉండదు. కులం మాత్రం ఊరు మర్చిపోతుందా? గుడికి పోయినవాడికీ గుడికి పోనివాడికీ టీ గ్లాసు ఒకచోటే ఉండేది.

పండగ రోజు ఆరాధనలో కానుకలు చదువుతారు. ఫలానావారు 500, ఫలానావారు 200 అని. అమ్మ చీటీ డబ్బు, చింతపండు డబ్బు నాయన పేరుతో చదువుతారు. ఎప్పుడూ అంతే. నేను ఎం.ఏ.లో ఉన్నప్పుడు కొత్తగా స్త్రీవాద వ్యాసాలు చదివిన ఊపులో, ఈసారి నీ పేరే చదివిద్దాం అని పట్టుబట్టాను. అమ్మ పిండి పిసుకుతూ తలెత్తకుండా అడిగింది: 'యే పేరు సదివిస్తావు?' గుడి పేరు చదివితే అది కార్డులో లేదు. కార్డు పేరు చదివితే గుడిలో అది నవ్వులపాలు. ఇంటిపేరు సంగతి, భర్తపేరు సంగతి మనం చాలా రాసుకున్నాం. రెండు పేర్లుండీ ఒక్కటీ గట్టిగా చదివించుకోలేని ఆడదాని గురించి నాకు దొరికిన పాఠాల్లో లేదు. నాయన పేరే చదివారు.

ఇప్పుడు కేకు సంగతి. అమ్మ పండగ లెక్కంతా కలిపితే 7,800. ఏడుగురి బట్టలు 3,800, ఇది నా జీతంలోంచి. పొట్టేలి పాలు 1,200, పిండివంటలు 1,100, గుడికానుక 500, పాటలవాళ్లకు 200, నక్షత్రం, దీపాలు 250, బస్సు చార్జీలు 400. మిగిలిన 350 బేకరీ కేకు. ఇంట్లో తినడానికి కాదు. ఆ కేకును మేమెవరం రుచి చూడలేదు.

నా చిన్నప్పుడు అమ్మ కూలికి పోయే పెద్దింటికి పండగ రోజు కజ్జికాయలు, నిప్పట్లు ఒక బుట్టనిండా పంపేది. వాళ్లు ఉగాదికి మాకు ఓళిగలు పెట్టేవాళ్లు. ఇంటి వెనకవైపు నిలబడితే కొంగులో వేసేవాళ్లు. మా బుట్ట మాత్రం ముందువైపు అరుగు మీద పెట్టి రావాలి. తీసుకునేవాళ్లు, బాగుందని కబురు కూడా చేసేవాళ్లు. చిన్నమ్మ ఆ ఇంట్లో పనికి చేరాక అసలు సంగతి తెలిసింది. మేం పంపిన బుట్ట సాయంత్రానికి అలాగే పనిమనిషి చేతికి వచ్చేదట. ఆ ఏడు చిన్నమ్మ చేతికి వచ్చింది. అమ్మ చేసిన కజ్జికాయలు ఊరంతా తిరిగి మా వాడకే, మా అమ్మ చెల్లెలి ఇంటికే వచ్చాయి.

నాకు ఒళ్లు మండింది. అమ్మ మాత్రం మరుసటి ఏడు బుట్ట ఇంకా పెద్దది పంపింది. ఎందుకమ్మా అంటే, 'తెలుసులేమ్మే, మా సెల్లెలి పిల్లోళ్లు తింటాండ్రి గదా' అంది. మా చిన్నాయన భజనల మనిషి. చర్చిపండగ తిండి ఇంట్లోకి రానివ్వడు. అమ్మ నేరుగా ఇస్తే ఆ పిల్లలకు అందదు. పెద్దింటి అరుగు మీదుగా వస్తే అది పెద్దింటి తిండి. ఎవరు చేశారన్నది అక్కడ కడిగేసినట్టు పోతుంది. మూడేళ్లు అలా నడిచింది.

తర్వాత ఆ ఇంటికి బెంగళూరులో చదివిన కోడలొచ్చింది. కేకులంటే ఇష్టం. అమ్మ ఆ మాట విని బుట్టతో పాటు బేకరీ కేకు పెట్టె పంపింది. కేకు మాత్రం తిరిగి రాలేదు. తిన్నారు. అదీ మా ఇంటి నుంచి పోయిందే, మా అమ్మ చేతులతో అరుగు మీద పెట్టిందే. కానీ చేసింది ఆమె కాదు. మరుసటి ఏడాది నుంచి బుట్ట పోయి కేకు మిగిలింది. ఇంట్లో చేసుకుంటే చవక అన్నది పొదుపు పాఠాల్లో మొదటిది. మా చేతి వంటకు ఆ పాఠం ఊరి అంచు దాకానే పనిచేస్తుంది. అది దాటాలంటే అంగడిముద్ర కొనుక్కోవాలి, ధర 350.

లూయిసా మే ఆల్కాట్ 'లిటిల్ విమెన్' మొదలయ్యేది కానుకల్లేని క్రిస్మస్‌తో. ఎం.ఏ. రోజుల్లో చదివాను, నాలుగు రోజులు వదల్లేదు. ఆ అక్కచెల్లెళ్లు తమ పండగ పొద్దుటి తిండిని పక్కనున్న పేదింటికి మోసుకుపోతారు. వాళ్లు తీసుకుంటారు, పిల్లలు అక్కడే తింటారు. మంచు, ఆకలి, మంచితనం అన్నీ ఉన్నాయి ఆ పేజీల్లో. వండిన చెయ్యి ఎవరిదన్న ప్రశ్న మాత్రం లేదు. ఉన్నవాళ్ల నుంచి లేనివాళ్లకు పోయే తిండికి ఏ దేశంలోనూ అడ్డం లేదు, మా ఊళ్లో కూడా. ఓళిగలు మా కొంగులో ఎప్పుడూ పడుతూనే ఉన్నాయి. కింది నుంచి పైకి పోయే తిండి గురించి రాసిన కథ కోసం నేను ఇంకా వెతుకుతున్నాను. కొలకలూరి ఇనాక్ గారి 'ఊరబావి' ఉంది, వినోదిని 'దాహం' ఉంది, నీళ్ల గురించి మనవాళ్లు రాయాల్సినంత పదునుగా రాశారు. 'నల్లపొద్దు' సంకలనంలో ఎనభై ఏళ్ల దళిత స్త్రీల రచనలున్నాయి. చిలుకూరి దేవపుత్ర 'పంచమం' మా జిల్లా నవలే. ఆకలి, పని, అవమానం, పోరాటం మన సాహిత్యంలోకి వచ్చాయి. పండగ తక్కువ వచ్చింది. బహుశా పండగ చేసుకున్నామని చెబితే కష్టం తక్కువగా కనిపిస్తుందన్న భయం మనకే ఉందేమో. అమ్మ డైరీల్లో ఆ భయం లేదు. కరువు ఎంత గట్టిగా ఉన్న ఏడైతే అంత వివరంగా ఉంది పండగ పద్దు.

రెండేళ్లుగా నేను ఆ 350 కొట్టేయమని పోట్లాడుతున్నాను. మన వంట తినని ఇంటికి మనం ఎందుకు పెట్టాలి? ఇప్పుడు మనం వాళ్ల చేలో కూలికి కూడా పోవడం లేదు. అమ్మ జవాబు ఒకటే. 'వాళ్లు ఉగాదికి పెడ్తాండారు. మనం తిరిగి పెట్టకపోతే మనం అడుక్కునేవాళ్లం ఐతాం.' ఓళిగలు తీసుకోవడం మానేద్దాం అన్నాను. 'అవ్వకు ఆ యింటి ఓళిగలంటే పానం' అంది. అవ్వకు ఎనభై దాటాయి. ఇక అక్కడ స్త్రీవాదమూ, కులనిర్మూలనా ఏం మాట్లాడగలవు? మాట్లాడాను. నేను చెప్పింది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆమె చెప్పింది తప్పని మాత్రం నిరూపించలేకపోయాను.

ఈ జనవరిలో కొత్త డైరీ తెచ్చి కూర్చున్నాం. బట్టలు, పొట్టేలు, పిండివంటలు, అన్నీ పోయినేటి లెక్కే, చీటీ అదే యాభై. కేకు దగ్గర నేను కలం ఆపి ఆమె ముఖం చూశాను. 'రెండని రాయి' అంది.

రెండోది ఎవరికని అడిగాను. కేకు మొదలయ్యాక బుట్ట ఆగిపోయింది కదా. అప్పటి నుంచి చెల్లెలి ఇంటికి మా పండగ నుంచి ఏదీ పోలేదు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యారు, వాళ్లకిప్పుడు పిల్లలు. 'అంగడి పెట్టెలో ఉంటే మీ సిన్నాయన గూడా ఏమనడు' అంది అమ్మ. కజ్జికాయలు అదే పెట్టెలో పెట్టి పంపితే సరిపోతుంది గదా, 350 మిగులుతుంది అన్నాను. ఆలోచించింది. 'పెట్టె యాడ దొరుకుతాది? ఖాళీది వాళ్లు ఇయ్యరు' అంది. పెద్దింటికి పోయిన పెట్టె చిన్నమ్మ తెచ్చి ఇయ్యొచ్చు గానీ అది పండగ సాయంత్రం దాకా రాదు. పోయినేటిది దాచిపెట్టి ఉంటుందేమో అడగాలి అనుకున్నాం.

అప్పటికి రెండనే రాశాను. మొత్తం 8,150. ఈ మార్చిలో చింతపండు ఇంకో నాలుగు రోజులు ఎక్కువ కొట్టాల.